ముట్టుకోవద్దన్న బుడగ

లేహ్
జనవరి

పమ్మీ,

జులే. నీ పార్సిల్ అందింది తల్లీ. అందిన రోజు మా ఇంట్లో పెద్ద గొడవ. చిప్స్ ప్యాకెట్లన్నీ దిండ్లలా ఉబ్బిపోయి వచ్చాయి. మా ఆమా వాటిని వేలితో పొడిచి చూసి, "కుళ్ళిపోయాయే ఇవి. లోపల ఏదో పులిసింది, కుక్కకి కూడా వెయ్యకు" అంది. నేను ఒకటి చింపేసరికి టప్‌మని పేలింది. ఆమా ఉలిక్కిపడి ఉప్పు టీ ఒళ్ళో ఒలకబోసుకుంది. తర్వాత అందరికంటే ఎక్కువ తిన్నది ఆవిడే, అది వేరే సంగతి. మీ అమ్మ బీజీ చేసిన లడ్డూలు మాత్రం నా ట్రంకు పెట్టెలో దాచుకున్నాను. అవి ఎవరికీ పెట్టను.

అడుగున పెట్టిన గేజ్, కఫ్‌లో గాలి ఎంత బిగువుగా ఉందో ముల్లుతో చూపించేది, చూసి మాత్రం ఎగిరి గంతేశాను. చండీగఢ్‌లో మనిద్దరం మత్తివ్వడం నేర్చుకున్న రోజులు గుర్తొచ్చాయి. గొంతులోకి ట్యూబ్ వెయ్యడం, దాని చుట్టూ ఉండే కఫ్‌లోకి సిరంజితో గాలి ఎక్కించడం, నోటి బయట వేలాడే చిన్న బుడగని రెండు వేళ్ళతో నొక్కి "ఊఁ, చాల్లే" అనుకోవడం. ముక్కు కొనలా ఉండాలని ఒక సారు, చెవి తమ్మెలా ఉండాలని ఇంకో సారు. ఎవరి ముక్కు, ఎవరి చెవి అని అడిగినందుకు నిన్ను క్లాసులోంచి బయటికి పంపించారు.

మొన్న పిత్తాశయంలో రాళ్ళ కేసుకి నీ గేజ్ పెట్టి చూశాను. మొదలు పెట్టినప్పుడు ఇరవై అయిదు. గంట గడిచాక నలభై దాటింది! నేనేం గాలి ఎక్కించలేదు. నర్సు ముటుప్ కళ్ళు పెద్దవి చేసుకుని, "ఆచే, దేవుడి తోడు, నేను కూడా ముట్టుకోలేదు. ఇందులో గాలి ఎవరు పోశారు?" అన్నాడు. మత్తుకిచ్చే లాఫింగ్ గ్యాస్ మెల్లగా కఫ్ గోడలోంచి లోపలికి దూరుతుందని చెప్పాను. ఎక్కువైతే శ్వాసనాళాన్ని నలిపేస్తుందని, తక్కువైతే కడుపులోదీ నోట్లోదీ ఊపిరితిత్తుల్లోకి జారుతుందని, అందుకే ఇరవైకీ ముప్పైకీ మధ్య ఉంచాలని చెప్పాను. సర్జన్ మొరుప్ గారు మాస్క్ వెనక నవ్వుతూ, "నీ గడియారం చూసుకోవడం అయిపోతే నేను రాళ్ళు ఏరుకుంటానమ్మా. నా వేలు చాలదా నీకు?" అన్నారు. ఆయన వేలు పెట్టి నొక్కి బాగానే ఉందన్నారు. అప్పటికి నలభై రెండు ఉంది.

ఇప్పుడు అసలు విషయం. కనుమలు మూసుకుపోయాయి. ఇక జూన్ వరకూ విమానమే దారి. గొంతులో ట్యూబ్ ఉన్న మనిషిని విమానంలో పంపాల్సి వస్తే కఫ్ సంగతి ఏం చెయ్యాలే? నేనెప్పుడూ పంపలేదు. ఇక్కడ మత్తిచ్చేదాన్ని నేనొక్కదాన్నే, అడగడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు.

ఈ ఉత్తరం తెచ్చినాయన చేతికే ఆప్రికాట్ గింజల నూనె సీసా ఇచ్చాను. బీజీ మోకాళ్ళకి. ముప్పాతిక వరకూ పోసి, మూత నేనే గట్టిగా బిగించాను.

నీ
యాంగ్‌డోల్


చండీగఢ్
జనవరి

ఒసేయ్ యాంగ్,

పంపే దానివి మంచి సీసాలో పంపలేవా? ఎవరో దాని మీద కూర్చున్నట్టు పక్కలు లోపలికి నొక్కుకుపోయి వచ్చింది. తెచ్చినాయన్ని నిలబెట్టి అడిగాను. "నేను కూర్చోలేదు డాక్టరమ్మా, ఒళ్ళో పెట్టుకునే తెచ్చాను" అని ప్రమాణాలు చేశాడు పాపం. ఆయన లావు చూస్తే నాకు నమ్మకం కలగలేదు. ఒక్క చుక్క కూడా కారలేదు, అది మెచ్చుకోవాలి. బీజీ దాన్ని అలమారాలో పెట్టి తాళం వేసింది. ముందు ఇంట్లో ఉన్న ఆవనూనె అయిపోవాలట, మంచిది ముందే వాడేస్తే ఆ తర్వాత ఏం మిగులుతుందట. మా అమ్మ లెక్క మా అమ్మది.

నీ ప్రశ్నకి జవాబు ఇంత తేలికైతే నీ ఉత్తరం అంత పొడుగెందుకే? విమానం పైకెళ్తే గాలి పలచబడుతుంది. గాలి పలచబడితే కఫ్ ఉబ్బుతుంది. నీ ఇంటికొచ్చిన చిప్స్ ప్యాకెట్లే సాక్ష్యం, ఇంకేం కావాలి? అందుకని విమానం ఎక్కించే ముందు కొంచెం గాలి తీసెయ్. పైకెళ్ళాక అదే నిండుతుంది. మా పెద్ద సారు ఇదే చెప్తారు, నేను మొన్న ముంబయికి పంపిన కేసుకీ ఇదే చేశాను, బ్రహ్మాండంగా చేరాడు. కళ్ళు మూసుకుని తీసెయ్.

తోడు వెళ్ళేవాడికి మాత్రం గట్టిగా చెప్పు, మధ్యలో ఆ బుడగతో ఆడుకోవద్దని. ఎక్కడైనా చిన్న చప్పుడు వినగానే గాలి ఎక్కించేస్తారు మహానుభావులు, పైన అది రాయిలా అయిపోతుంది.

మొరుప్ గారి వేలికి నా నమస్కారాలు చెప్పు.

నీ పమ్మీ


లేహ్
ఫిబ్రవరి

పమ్మీ,

నిలబడి రాస్తున్నాను. విమానం ఇంజన్లు ఆపకుండా ఉంది, మంచు పడేలోపు లేచిపోవాలట.

గ్యాల్సన్ తాత, మెమే గ్యాల్సన్ అంటాం, గుర్రాలు తోలే ముసలాయన. సొంత గుర్రమే కడుపులో తన్నింది, పేగు చిల్లు పడింది. మొరుప్ గారు సగం రోజు నిలబడి కుట్టారు. ఊపిరి ఇంకా సొంతంగా నిలవడం లేదు, మా దగ్గర అంతకాలం ఊపిరాడించే యంత్రం లేదు. మత్తులోనే ఉంచి, ట్యూబ్‌తో మీ ఆసుపత్రికే పంపుతున్నాను. మూడు సీట్లు వంచి స్ట్రెచర్ వేశారు. నేను రాలేను, ఆసుపత్రిలో కాన్పు కేసు ఉంది. ముటుప్ ఊపిరి అందించే సంచి చేత్తో నొక్కుతూ వస్తాడు. భార్య అబీ కుంజెస్ కూడా వస్తోంది, ఆవిడకి మా భాష తప్ప ఇంకేం రాదు, ముటుప్ చెప్తాడు.

అన్నీ సరిచూశాను. నీ చేతుల్లో పెడుతున్నాను.

యాంగ్


చండీగఢ్
ఫిబ్రవరి

డాక్టర్ యాంగ్‌డోల్ గారికి,

మీ పేషెంటు చేరాడు. చేరేసరికి కఫ్ వట్టిపోయి ఉంది. సంచి నొక్కిన ప్రతిసారీ సగం గాలి నోట్లోంచి గురగురమంటూ బయటికి వస్తోంది. కడుపులోంచి వచ్చిన పచ్చటి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాయి. రెండు వైపులా న్యుమోనియా. బతుకుతాడో లేదో చెప్పలేను.

ఏం జరిగిందని మీ కుర్రాణ్ణి అడిగితే ఒక్క మాట మాట్లాడడు.

నా డ్యూటీలోనే దిగాడు కాబట్టి కేసు షీటు మీద నేనే రాయాల్సి వచ్చింది. "వచ్చేసరికి కఫ్‌లో గాలి లేదు" అని రాశాను. ఉన్నది ఉన్నట్టు రాశాను. పెద్ద సారు అది చదివి, "లేహ్ వాళ్ళకి గాలి ఎక్కించడం కూడా రాదా?" అన్నారు, అందరి ముందూ. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నువ్వు నా స్నేహితురాలివని అక్కడ అందరికీ తెలుసు.

ఏం జరిగిందో చెప్పు యాంగ్. గేజ్ నేనే పంపాను కదే. అది పెట్టెలోనే ఉందా?

పర్మీత్


లేహ్
మార్చి

డాక్టర్ పర్మీత్ కౌర్ గారికి,

గేజ్ పెట్టెలో లేదండీ. నా చేతిలోనే ఉంది. విమానం మెట్ల దగ్గర కొలిచాను, ఇరవై అయిదు ఉంది. నోటి దగ్గర చెవి పెట్టి విన్నాను, సన్నటి చప్పుడు కూడా లేదు. ఆ చలిలో నా చెవి గడ్డకట్టుకుపోయింది కానీ లేని చప్పుడు లేనట్టే విన్నాను.

మరి ఏం జరిగింది? నాకు బుర్ర పనిచెయ్యడం లేదు. మొదట కఫ్ చిరిగిందేమో అనుకున్నాను. చిరిగితే మీరు మళ్ళీ గాలి ఎక్కించాక నిలిచేది కాదు, నిలిచిందని ముటుప్ అంటున్నాడు. తర్వాత లాఫింగ్ గ్యాస్ మీదికి పోయింది నా అనుమానం. లోపలికి దూరినది బయటికి కూడా వస్తుంది కదా. కానీ ఆపరేషన్ అయ్యాక రాత్రంతా ఆయనకి ఆక్సిజనే ఇచ్చాను, పోవాల్సిందంతా తెల్లారేలోపే పోయింది, ఆ తర్వాతే కొలిచాను. వాల్వ్ తప్పా? గేజ్ తప్పా? గేజ్ నా రక్తపోటు యంత్రంతో పోల్చి చూశాను, సరిగ్గానే ఉంది. పైకెళ్తే ఉబ్బి బిగుసుకోవాల్సింది వట్టిపోవడమేంటి? మీరు చూసింది మా పేషెంటునేనా అని కూడా ఒకసారి అనిపించింది. కోప్పడకండి, అంత పిచ్చిగా ఉంది నాకు.

మీ ఒక్క వాక్యం ఇక్కడికి కూడా చేరింది. విచారణ వేశారు. ముటుప్‌ని పిలిచి అడిగారు. నేనూ అడిగాను. మొదటిసారి, "తెలీదు ఆచే" అన్నాడు. మళ్ళీ అడిగాను, పని ఉందని లేచి వెళ్ళిపోయాడు. మూడోసారి గట్టిగా అడిగితే, "నేనే ముట్టుకున్నానేమో. బుడగ మీద చెయ్యి పడిందేమో" అన్నాడు. అదే విచారణలో కూడా చెప్పేశాడు. వాడిది ఇంకా పర్మనెంట్ ఉద్యోగం కాదు. థియేటర్లోంచి తీసేసి మందుల గదిలో కూర్చోబెట్టారు. వేసవిలో నిర్ణయం చెప్తారట, అంటే ఇంటికి పంపడమే.

ముటుప్ అబద్ధం చెప్పడు. అందుకని నమ్మాను. నమ్మాక కూడా నిద్ర పట్టడం లేదు.

మెమే ఎలా ఉన్నాడో ఒక్క ముక్క రాయండి. ఫోన్ లైను మంచులో తెగిపోయింది.

యాంగ్‌డోల్


చండీగఢ్
మార్చి చివర

యాంగ్,

"అండీ" ఏంటే? నేను మొదలుపెట్టాను కాబట్టి నువ్వూ మొదలుపెట్టావా? సరే, తప్పు నాదే. మానేద్దాం.

మీ మెమే బతికాడు! పోయిన వారం ట్యూబ్ తీశాం. తీయగానే దగ్గి, ఉమ్మి, కళ్ళు తెరిచి, నాకేసి చూసి ఏదో అన్నాడు. అబీ కుంజెస్ పకపకా నవ్వింది. మీ ఊరి నుంచి వచ్చి ఇక్కడ చదువుకునే అమ్మాయి ఒకర్తె వారానికోసారి మాట సాయానికి వస్తుంది, ఆ పిల్ల తెలుసుకుని చెప్పింది, "ఇంత చప్పటి నీళ్ళు ఎవరిచ్చారు నాకు, ఉప్పు టీ లేదా ఈ ఊళ్ళో" అన్నాడట. సెలైన్ గురించి! ఆ పిల్ల మళ్ళీ వచ్చిన రోజు ఇంట్లో వెన్న, ఉప్పు వేసి టీ చేసి తీసుకెళ్ళాను. ఒక గుక్క తాగి నా చెయ్యి పట్టుకుని, "నోమో, చెల్లెమ్మా, నీ మనసు మంచిది, టీ మాత్రం గుర్రానికి కూడా పనికిరాదు" అన్నాడు. ఇంటికి వెళ్ళడం మాత్రం విమానంలో కాదట. ఎక్కినప్పుడు తెలివి లేదు కాబట్టి ఎక్కాడట. కనుమలు తెరిచాక బస్సులో వెళ్తానని మొండికేస్తున్నాడు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఆ పిల్లని కూర్చోబెట్టుకుని అబీని అడిగాను, విమానంలో ఏం జరిగిందని. ఆవిడ పక్క సీట్లోనే ఉంది కదా. ఆవిడన్న మాటలు ఆ పిల్ల చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను. "ఆ పిల్లాడు సంచి ఒక్క క్షణం వదల్లేదమ్మా. చేతులు మార్చుకుంటూ నొక్కుతూనే ఉన్నాడు. విమానం లేచి కాస్సేపయ్యాక మా ముసలోడి గొంతులో గురగుర మొదలైంది. పిల్లాడు జేబులోంచి సూది లేని సిరంజి తీశాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. 'అదేదో చేసెయ్యరా' అన్నాను నేను. 'ఆచే ముట్టుకోవద్దంది అబీ, పైకెళ్తే అదే నిండుతుందంది' అన్నాడు. ఏడుస్తూ కూర్చున్నాడు, మంత్రం చదువుతూ. దిగేదాకా నిండనే లేదు."

వాడు ముట్టుకోలేదే. ముట్టుకోనే లేదు! మరి ముట్టుకున్నానని ఎందుకు చెప్పాడు? నువ్వు వాడికి ఏం చెప్పి పంపావు? లేచాక గురగుర మొదలవడమేంటి, లేచాకే కదా బిగుసుకోవాలి? నాకు ఏమీ అర్థం కావడం లేదు. ఇంతకుముందు అరకొరగా అర్థమైంది కూడా ఇప్పుడు పోయింది.

పమ్మీ


లేహ్
ఏప్రిల్

పమ్మీ,

నీ ఉత్తరం చదివి కోటు కూడా వేసుకోకుండా మందుల గదికి పరిగెత్తాను. ముటుప్ అట్టపెట్టెల మధ్య కూర్చుని సీసాలు తుడుస్తున్నాడు. "ఎందుకురా అబద్ధం చెప్పావు?" అని అరిచాను. సీసా తుడుస్తూనే ఉన్నాడు. మళ్ళీ అరిస్తే అప్పుడన్నాడు. "నేను ముట్టుకోలేదంటే మీరు చెప్పిందే తప్పని తేలుతుంది కదా ఆచే. మిమ్మల్ని తీసేస్తారు. మీరు పోతే ఈ చలిలో ఇక్కడ మత్తిచ్చేదెవరు? మా అక్కకి వచ్చే నెల కాన్పు. నర్సులైతే ఇంకొకళ్ళు దొరుకుతారు."

నేను అక్కడే పెట్టె మీద కూలబడి ఏడ్చాను. వాడే లేచి నాకు టీ తెచ్చిచ్చాడు, పమ్మీ. నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

నీకు చెప్పనిది ఒకటుంది. ఇరవై అయిదు కొలిచిన మాట నిజం. కొలిచాక కొంచెం గాలి తీశాను. నువ్వు రాసినట్టే. వాడికి ముట్టుకోవద్దని చెప్పాను, అదీ నువ్వు రాసినట్టే, "ఏం వినపడినా సరే" అన్నాను, ఆ మాట మాత్రం నా సొంతం. విచారణలో ఇది చెప్పలేదు. చెప్తే ఎవరు చెప్పమన్నారు అంటారు, నీ పేరు వస్తుంది. నీ మీద కోపంతో ఉండి కూడా నీ పేరు చెప్పడం ఇష్టం లేకపోయింది. అది మంచితనం అనుకున్నాను. ఆ మంచితనానికి ముటుప్ మూల్యం కడుతున్నాడు.

ఇప్పుడు మా ఆసుపత్రి పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళి చెప్పేశాను, ముటుప్ ముట్టుకోలేదు, గాలి తీసింది నేనే అని. ఆయన కళ్ళజోడు తీసి, "పైకెళ్తే ఉబ్బుతుంది కాబట్టి తీశావు. సరైన పనే కదా. మరి తగ్గిందెందుకు? కారణం చెప్పు, లేకపోతే ఆ కుర్రాడు నిన్ను కాపాడుతున్నట్టు నువ్వు వాణ్ణి కాపాడుతున్నావనుకోవాలి" అన్నారు. ఏం చెప్పను? సరైన పనే చేశాను, తప్పు జరిగింది. ఇందులో ఎక్కడ వేలు పెట్టాలో తెలియడం లేదు. నీకు ముంబయి కేసులో సరిపోయింది నాకెందుకు సరిపోలేదు? మా గాలి పాపిష్టిదా?

కారణం దొరక్కపోతే వాడి ఉద్యోగం పోతుంది. నువ్వు ఆలోచించవే. నాకు చేతకావడం లేదు.

యాంగ్


చండీగఢ్
మే

యాంగ్, యాంగ్, యాంగ్!

దొరికింది. దొరికిందే! ముందు నన్ను తిట్టు, తర్వాత చదువు.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నేను మనిషిని కాను. నేనిచ్చిన సలహా నాకే గుర్తు లేదు చూడు! నిన్ను నిలదీస్తూ ఉత్తరం రాశాను, పెద్ద సారు ముందు తల దించుకున్నాను, అంతా నీ నిర్వాకమనుకున్నాను. కళ్ళు మూసుకుని తీసెయ్ అన్న మహాతల్లిని నేనే. సారు దగ్గరికి వెళ్ళి అడిగితే, "మన సూత్రం తప్పు కాదు, వాళ్ళ చెయ్యి తప్పు" అని పేపర్లో తల దూర్చేశారు.

మొన్న ఇంట్లో ఆవనూనె అయిపోయింది. బీజీ తాళం తీసి నీ సీసా బయటికి తెచ్చింది. "ఈ వంకర సీసా మూత రావడం లేదు, తియ్యవే" అని నా చేతికిచ్చింది. తిప్పాను. సుప్‌మని గాలి పీల్చుకుంది! నొక్కుకుపోయిన పక్కలు టప్పున బయటికి వచ్చేశాయి, కొత్త సీసా అయిపోయింది. బీజీ "హాయ్ రబ్బా, దీనికి ప్రాణం ఉంది" అని వెనక్కి గెంతింది. నేను సీసా పట్టుకుని అలా నిలబడిపోయాను. ఎవరూ దాని మీద కూర్చోలేదే! ఆ లావుపాటాయనకి నేను క్షమాపణ చెప్పుకోవాలి.

నువ్వు మూత బిగించింది మీ ఇంట్లో, మీ పలచటి గాలి మీద. ఆ గాలి మా ఊరికి వచ్చేసరికి మా బరువైన గాలి దాన్ని నొక్కేసింది. నీ కఫ్ కూడా అదే, మీ గాలి పోసిన సీసా. మా చిప్స్ మీ దగ్గర ఉబ్బాయి, మీ సీసా మా దగ్గర కుంగింది. రెండూ కళ్ళ ముందే ఉన్నాయి. నేను ఒకటే చూశాను.

అయితే గురగుర విమానం పైకి లేచాకే మొదలైంది కదా, దిగాక కాదు కదా అని మళ్ళీ తల పట్టుకున్నాను. మా వీధి చివర ఒక రిటైరైన పైలట్ ఉన్నాడు. వెళ్ళి అడిగాను. ఆయన చాలాసేపు నవ్వాడు. విమానం ఎంత ఎత్తుకి పోయినా లోపల గాలిని మనుషులకి సరిపడేట్టు బిగించి ఉంచుతారట, సుమారు ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు. "లేహ్ నేల ఎంత ఎత్తమ్మా?" అన్నాడు. పదివేలు దాటుతుంది అన్నాను. "మరి అక్కడ విమానం తలుపు మూస్తే నువ్వు ఎక్కినట్టా, దిగినట్టా?" అన్నాడు.

దిగినట్టే, పిచ్చిదానా! ముంబయిలో, ఢిల్లీలో, మా ఊళ్ళో విమానం ఎక్కితే పైకి వెళ్ళినట్టు. మీ ఊళ్ళో ఎక్కితే కిందికి వచ్చినట్టు. నీ కఫ్ విమానం లేచిన దగ్గర్నుంచీ కుంగుతూనే వచ్చింది. దాన్లోంచి ముందే కొంచెం తీయించాను నేను. ఇక నిండుతుందని కాచుకుని కూర్చున్నాడు ఆ పిల్లాడు, నా మాట నమ్మి, అది నా మాటని కూడా తెలియకుండా. వాడు సిరంజి జేబులోంచి తీయడం, పెట్టడం తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు. వాడి చెవి కరెక్టు. మనిద్దరి చదువే తప్పు.

దీనితో ఇంకో కాగితం జత చేస్తున్నాను. మీ పెద్ద డాక్టరుకి. గాలి తీయమని చెప్పింది నేను, ముట్టుకోవద్దని చెప్పమన్నది నేను, కారణం ఇది, సీసా నా దగ్గరే ఉంది, కావాలంటే పంపిస్తాను అని రాసి సంతకం పెట్టాను. కేసు షీటు మీద నా వాక్యం కింద కూడా ఇదంతా రాశాను. పెద్ద సారు చూశారు. అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు. ఫరవాలేదు, థియేటర్ కొంచెం ప్రశాంతంగా ఉంది.

ముటుప్‌కి చెప్పు, నేను క్షమించమన్నానని. కాదు, వద్దులే. అది నేనే వచ్చి చెప్తాను.

పమ్మీ


లేహ్
జూన్

పమ్మీ,

నీ కాగితం పెద్ద డాక్టరు రెండుసార్లు చదివారు. తర్వాత బంట్రోతుని పిలిచి, బజారు నుంచి ఒక చిప్స్ ప్యాకెట్ తెమ్మన్నారు. దిండులా ఉబ్బిన దాన్ని బల్ల మీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "పుట్టినప్పటి నుంచీ వీటిని చూస్తున్నాను" అన్నారు. అంతే. మర్నాడు ముటుప్ థియేటర్లోకి వచ్చాడు. మొరుప్ గారు వాడి వీపు మీద ఒకటి చరిచి, "వచ్చావా! నువ్వు లేకపోతే ఈ గడియారం గోల నేనొక్కణ్ణే పడుతున్నాను" అన్నారు. కానీ కేసు మధ్యలో ఆయనే, "ఎంత ఉందమ్మా?" అని అడిగారు. పాతికేనని చెప్పాను. కుట్టుకుంటూ పోయారు.

ముటుప్ అక్కకి ఆడపిల్ల పుట్టింది. మత్తు అవసరం రాలేదు.

నిన్న బస్సు దిగాడు మీ మెమే గ్యాల్సన్. గడ్డం పెరిగి, చండీగఢ్ చొక్కా తొడుక్కుని, పెళ్ళికొడుకులా దిగాడు. నువ్వు ఇచ్చిన చిప్స్ ప్యాకెట్లు దారి పొడుగునా తినకుండా చేత్తో పట్టుకుని కూర్చున్నాడట. తంగ్‌లంగ్ కనుమ మీద ఒకటి పేలిందట. బస్సంతా అరిస్తే ఈయన ఒక్కడే తాపీగా, "అదేం కాదు, డాక్టరు పిల్ల చెప్పింది, మనం ఎత్తెక్కాం" అన్నాడట. తన్నిన గుర్రాన్ని అమ్మేస్తారా అని అడిగితే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. నీ టీ గురించి మాత్రం ఊరంతా చెప్తున్నాడు. నువ్వు వస్తే తల దాచుకో.

ముటుప్‌కి నేనేం చెప్పాలో ఇన్నాళ్ళూ తెలియలేదు. ఈ వారం ఇంకో పేషెంటుని పంపాల్సి వచ్చింది, బావిలో పడిన కుర్రాడు, గొంతులో ట్యూబ్‌తో. ఈసారి కఫ్‌లో గాలి పొయ్యలేదు, సెలైన్ పోశాను. నీళ్ళు ఉబ్బవు, కుంగవు. అన్నీ కొలిచాను, విన్నాను. ముటుప్ మెట్ల దగ్గర ఆగి, మెల్లగా, "ఆచే, ఈసారి ముట్టుకోవచ్చా?" అని అడిగాడు.

సిరంజి నేనే తీసి వాడి చేతిలో పెట్టాను. "చప్పుడు వినపడితే నేను చెప్పిందంతా మర్చిపో. నీ చెవి చెప్పింది చెయ్యి" అన్నాను. వాడు తల ఊపాడు. దాన్ని జేబులో పెట్టుకోలేదు పమ్మీ. చేతిలోనే పట్టుకుని విమానం ఎక్కాడు.

నీ
యాంగ్